గేరు రాడ్డుకూ గేరుబాక్సుకూ మధ్య

పాత బండి నడిపేవాళ్ళకు ఎడమ చెయ్యే మొదటి మెకానిక్కు. గేరు పడేటప్పుడు ఒక చిన్న పట్టు ఆ చేతికి తెలుస్తుంది. ఏళ్ళు గడిచేకొద్దీ దాన్ని పట్టించుకోవడం మానేస్తాం. ఒకనాడు ఆ పట్టు ఉండదు. రాడ్డు అటూ ఇటూ తేలిగ్గా ఊగుతుంది, గేరు మాత్రం పడదు. ఇంజనూ క్లచ్చూ బాగానే ఉంటాయి. బండి మాత్రం అంతకుముందు ఏ గేరులో ఉందో అందులోనే ఉండిపోతుంది.

మా పాత డీజిల్ ఎస్‌యూవీకి ఈ అవస్థ వచ్చినప్పుడు చూసినవాళ్ళంతా ఒకటే మాట: "గేరుబాక్సు పోయింది, దించాల్సిందే." విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్ద మేస్త్రి మాత్రం ఏదీ విప్పకముందే చక్రాలకు చెక్క దిమ్మలు అడ్డం పెట్టాడు. ఇంజన్ ఆపించి, "లోపల కూర్చుని రాడ్డు ఆడించండి బాబూ, నేను కింద చూస్తా" అన్నాడు. కాసేపటికి కింద నుంచి జవాబు వచ్చింది: "బాక్సుకేం కాలేదండీ. కేబులు ఆడుతోంది, లీవరు కదలట్లేదు. బుష్ పోయింది." చేత్తో బాక్సు మీది లీవరు నెట్టగానే లోపల గేరు టక్కుమని పడింది. ఆ చప్పుడు విన్నాక నాకు ఊపిరి ఆడింది.

రాడ్డును పక్కకు జరిపితే గేరు ఏ వరసలోదో తేలుతుంది. ముందుకో వెనక్కో నెడితే ఆ వరసలో గేరు పడుతుంది. మా బండిలో ఈ రెండు కదలికలనూ రెండు కేబుళ్ళు గేరుబాక్సు దాకా మోస్తాయి. పాత అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లలో స్టీరింగు పక్కనుండే గేరుకు ఈ పని ఇనుప కడ్డీలు చేసేవి. కేబులు కొస లీవరు పిన్నుకు తగులుకునేచోట రబ్బరుదో ప్లాస్టిక్‌దో ఓ చిన్న బుష్ ఉంటుంది. ఇంజన్ అదురు రాడ్డు దాకా రాకుండా ఆపేది అదే. ఇనుమూ ఇనుమూ రాసుకోకుండా తాను అరుగుతుంది. వేడికీ దుమ్ముకూ ఏళ్ళ తరబడి గట్టిపడి, చివరికి పగులుతుంది.

ఆటోమేటిక్ బండ్లలో అయితే ఇది ప్రాణాల మీదికి తెస్తుంది. రాడ్డు పార్క్‌లోనే కనిపిస్తుంది. బాక్సు మరో గేరులో ఉంటుంది. దిగి వెళ్ళాక బండి దొర్లుతుంది. 2022 జూన్‌లో ఫోర్డ్ సంస్థ అమెరికాలో ఎస్కేప్ ఎస్‌యూవీలతో సహా సుమారు 29 లక్షల బండ్లను వెనక్కి పిలిచింది ఈ బుష్ కోసమే. దాన్ని పాడుచేస్తున్నవాటిలో వేడి, తేమ ఉన్నాయని గుర్తించి, కొత్తది వేసి పైన రక్షణగా ఒక మూత పెట్టారు. అక్కడ పాత బండి కొనుక్కునే మన పిల్లలకు నేను చెప్పేది ఒకటే: ఆపిన ప్రతిసారీ హ్యాండ్‌బ్రేకు వేయండి.

మేస్త్రి పాత ముక్కలు తీసేసి, పిన్ను తుడిచి, అరుగుదల ఉందేమోనని వేలితో తడిమి చూశాడు. రాడ్డునూ బాక్సునూ న్యూట్రల్‌లో ఉంచి కొత్త బుష్ నొక్కి లాక్ వేశాడు. ఇంజన్ ఆపి ఉండగానే రివర్సుతో సహా గేర్లన్నీ వేయించి చూశాకే స్టార్ట్ చేయనిచ్చాడు. బుష్ వేయకుండా కేబులును బైండింగ్ వైరుతో కట్టి నడిపేవాళ్ళూ ఉన్నారు. అలా కట్టిన బండితో ఘాట్ రోడ్డు ఎక్కకూడదు.

ఇంత చిన్న భాగం చాలా బండ్లకు విడిగా దొరకదు, కేబులు మొత్తం కొనమంటారు. ఇది అన్యాయం. మరమ్మతు హక్కు మీద కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో కమిటీ వేసింది. వ్యవసాయ పరికరాలు, ఫోన్లు, గృహోపకరణాలతో పాటు వాహనాలనూ అందులో చేర్చింది. ఆ హక్కు నిజమయ్యేది బుష్ విడిగా, దాని ధరకే దుకాణంలో దొరికిన రోజున. ఈలోగా ఎవరైనా బాక్సు దించాలంటే, ముందు రాడ్డును బాక్సుతో కలిపే లింకేజీ చూడమని అడగండి. అడిగే హక్కు మనకుంది, చూసి చెప్పగల మేస్త్రులూ మనకున్నారు. వాళ్ళ చేతికి అందాల్సింది ఆ చిన్న భాగమే.