మామగారి ఎక్కాలు

బొల్లారం అనగానే అందరూ, "రాష్ట్రపతి నిలయం ఉన్న బొల్లారమేనా?" అని మొహం చేటంత చేసుకుంటారు. కాదండీ బాబూ! మాది పటాన్‌చెరు వైపు బొల్లారం. మందుల కంపెనీలు, షిఫ్టు బస్సులు, గాలి ఇటు తిరిగిందంటే గబగబా కిటికీలు మూసుకోవడాలు - అదీ మా ఊరు.

మా మామగారికి ఎనభై అయిదేళ్ళు. ఈ మధ్య మతిమరుపు ఎక్కువైంది. పొద్దున టిఫిన్ తిన్న సంగతి పదింటికి గుర్తుండదు. నన్ను మా ఆడబిడ్డ పేరుతో పిలుస్తారు. కానీ ఫుట్‌బాల్ మాట ఎత్తి చూడండి, ఎక్కాలు అప్పజెప్పినట్టు అప్పజెబుతారు! హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు బొంబాయిలో రోవర్స్ కప్పు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు గెలిచింది. ఢిల్లీలో డ్యూరాండ్ కప్పేమో 1950, 1954, 1957లో. ఆ జట్టును తీర్చిదిద్దిన రహీం సాబ్ అసలు బడిపంతులు. ఆయన శిక్షణలోనే మనదేశం జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగోస్థానం దాకా వెళ్ళింది, 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చింది... పొయ్యి మీద పప్పు మాడుతున్నా నేను "ఊఁ" కొడుతూ నిలబడాలి. దాచడమెందుకు, లోపల విసుక్కునేదాన్ని.

మొన్న మా అమ్మాయి స్కూలు బాస్కెట్‌బాల్ ఫైనల్లో ఓడిపోయి వచ్చింది. సంచీ ఓ మూలకి విసిరేసి, "ఆఖర్న బంతి నా చేతిలోంచే జారిందమ్మా, ఇంక ఆడను," అని ఒకటే ఏడుపు. వాళ్ళ నాన్న రాత్రి షిఫ్టులో ఉన్నారు. నేను చెప్పిందేదీ దాని చెవికెక్కలేదు.

పడక్కుర్చీలోంచి మామగారు మెల్లగా అన్నారు. "ఎందుకేడుస్తవ్ బిడ్డా? యాభై రెండుల డ్యూరాండ్ ఫైనల్ల మనోళ్ళు ఓడిన్రు. యాభై ఆరుల మళ్ళ ఓడిన్రు. రెండుసార్లూ ఈస్ట్ బెంగాల్ మీదనే."

నేను తెల్లబోయాను. ఓడిన ఏళ్ళు ఆయన నోట ఎన్నడూ వినలేదు. చెప్పారేమో, పప్పు ధ్యాసలో నేనే విన్లేదేమో!

"తర్వాత ఏమైంది తాతా?" అంది పిల్ల ముక్కు చీదుకుంటూ.

"ఏమైతది? మళ్ళ సంవత్సరం ఫైనల్ల గదే ఈస్ట్ బెంగాల్. గెల్శిన్రు!"

మర్నాడు సాయంత్రం అది బూట్లు కట్టుకుని ప్రాక్టీసుకి వెళ్ళింది. నేను ఏమీ అడగలేదు, అదీ ఏమీ చెప్పలేదు.

నిన్న పాల లెక్కల పుస్తకం వెనకపేజీ తీసి, "మామయ్యా, మళ్ళీ చెప్పండి, రాసుకుంటాను," అని కూర్చున్నాను. యాభై అన్నారు. యాభై రెండు అన్నారు. యాభై నాలుగు దగ్గర ఆగిపోయి, దారి తప్పిన పిల్లాడిలా నా మొహంలోకి చూశారు.

"యాభై ఆరులో ఓడారు మామయ్యా, యాభై ఏడులో గెలిచారు," అన్నాను.

"ఆఁ... గెల్శిన్రు!" అని బోసినోటితో నవ్వారు.

ఇకమీదట ఈ ఎక్కాలు అప్పజెప్పడం నా వంతు కాబోలు. ఇంతకీ వంటింట్లో పప్పు మాడింది. మాడితే మాడనివ్వండి!