కాలినడక యాత్రికులకు పడక

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మన పెద్దలు చెబుతారు. ఇంటి గోడల మధ్య పడుకునేవారికి ఆ మాట చాలావరకు నిజమే. నల్లమల దారిలో శ్రీశైలానికి నడిచే భక్తులకు మాత్రం తెల్లవారుజామున మూడు, నాలుగు గంటల వేళ అది నిజం కాదు. పగటి ఎండను చూసి పలుచని దుప్పటి ఒక్కటే వెంట తీసుకువెళ్లిన వృద్ధులు రాత్రంతా వణికి, నిద్రలేక, మరునాడు నడకలో తూలి పడతారు. నరసరావుపేటలో వైద్యం చేసిన కాలంలో పండుగ తరువాతి వారంలో అటువంటివారిని తరచుగా చూసేవాణ్ణి. ఇప్పుడు వారి మనుమలు స్లీపింగ్ బ్యాగ్ కొనిస్తామంటున్నారు. మంచిదే, ఏది కొనాలన్నదే ప్రశ్న.

స్లీపింగ్ బ్యాగ్ వేడిని పుట్టించదు. మీ ఒంటి వేడిని తన పొరలలో నిలిచిన గాలితో పట్టి ఉంచుతుంది, అంతే. మీ బరువు కింద నలిగిన భాగంలో ఆ గాలి మిగలదు. కనుక ఎంత ఖరీదైన బ్యాగ్ అయినా రాతి మండపంపై నేరుగా పరిస్తే చలి కిందినుంచే ఎక్కుతుంది. ముందుగా కొనవలసినది కింద పరిచే ఫోమ్ చాప. వేలు పోసి బ్యాగ్ కొని చాప మరచినవారికంటే, ఎండుగడ్డిపై గొంగళి కప్పుకుని పడుకున్న మాచర్ల గొర్రెల కాపరి హాయిగా నిద్రిస్తాడు. ఉన్ని కొంత తడిసినా వెచ్చదనాన్ని పూర్తిగా కోల్పోదు. బరువే దాని లోపం.

బ్యాగ్‌పై సాధారణంగా కంఫర్ట్, లిమిట్ అని రెండు ఉష్ణోగ్రతలు ముద్రిస్తారు. అరవై దాటినవారు, బక్కపలుచనివారు, థైరాయిడ్ లోపం గలవారు కంఫర్ట్ అంకెనే చూడాలి. ఎక్స్‌ట్రీమ్ అనే మూడవ అంకె ప్రాణం నిలుపుకోవడానికి సంబంధించినది, నిద్రకు కాదు. మన అడవుల చలికాలానికి కంఫర్ట్ 10 డిగ్రీలున్న సింథటిక్ బ్యాగ్ సాధారణంగా చాలు. సుమారు 3,580 మీటర్ల ఎత్తున ఉన్న కేదార్‌నాథ్‌కు అక్టోబరులో వెళ్లేవారికి సున్నాకంటే తక్కువ అంకె కావాలి. పక్షి ఈకలు కూర్చిన బ్యాగ్ తేలికే, కానీ తడిస్తే చప్పబడిపోతుంది. రాత్రి రెండుమూడుసార్లు మూత్రానికి లేచే పెద్దలకు కాళ్ల దగ్గర ఇరుకైనది వద్దు. జిప్పు పూర్తిగా తెరుచుకునేది తీసుకోండి. చీకట్లో కాళ్లకు చుట్టుకుని పడి తుంటి విరిగితే యాత్ర సంగతి అటుంచి, మళ్లీ నడవడానికే నెలలు పడుతుంది.

వేసవిలో బ్యాగ్ ఊసే వద్దు. రెంటచింతల ఎండల సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. నూలు దుప్పటి, నీళ్లు చాలు.

వర్షాకాలంలో నా భయం చలి గురించి కాదు, కట్లపాము గురించి. అది రాత్రివేళ, నేలపై నిద్రించేవారిని కాటువేస్తుంది. నొప్పి, వాపు దాదాపు ఉండవు. చాలాసార్లు గుర్తు కూడా కనిపించదు. అందుకే అంచులను చాప కిందికి మడిచిన దోమతెర ఆ కాలంలో బ్యాగ్‌కంటే విలువైనది. పడుకునే ముందు బ్యాగ్‌ను తిరగవేసి దులపండి. పగలు చుట్టి కట్టి ఉంచండి. నేలపై పడుకున్న మనిషి తెల్లవారి కడుపునొప్పి అన్నా, కనురెప్పలు వాలుతున్నా, మాట తడబడినా గుర్తు కోసం వెతుకుతూ కూర్చోవద్దు. మంత్రగాడి వద్దకు తీసుకువెళ్లవద్దు. నడిపించకుండా, పాము విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి వెంటనే వాహనంలో చేర్చండి. 108కు ఫోన్ చేయండి.