గుమ్మం దగ్గర

పోయినేడాది హెల్త్ చెకప్ రిపోర్టులో టీఎస్‌హెచ్ ఎక్కువగా ఉందని ఇంకో టెస్టు రాశారు. అందులో యాంటీ-టీపీఓ యాంటీబాడీలు బాగా ఎక్కువ. డాక్టరు రెండు ముక్కల్లో తేల్చేశారు: "హషిమోటోస్. మీ ఇమ్యూన్ సిస్టమే మీ థైరాయిడ్ మీద దాడి చేస్తోంది."

అమ్మకి ఫోన్ చేస్తే మొదట అడిగింది, "నా నుంచే వచ్చిందా నాన్నా?" అని. అమ్మ ఇరవై ఏళ్ళుగా ఇదే మాత్ర వేసుకుంటోంది. మధ్యాహ్నం కాసేపు పడుకుంటే "ఎప్పుడు చూసినా నీరసమేనా" అని విసుక్కున్నవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఉద్యోగం నేర్పిన అలవాటు కదా, రూట్ కాజ్ వెతకడం మొదలెట్టాను. 1912లో హకారు హషిమోటో అనే జపాన్ డాక్టరు నలుగురు ఆడవాళ్ళ థైరాయిడ్ గ్రంథుల్ని మైక్రోస్కోపు కింద చూసి, వాటి నిండా లింఫోసైట్లు చేరాయని రాశాడు. అవి చేరింది సొంత గ్రంథి మీదికేనని అర్థం కావడానికి 1956 దాకా పట్టింది. ఆ ఏడాది లండన్‌లో రాయిట్, డోనియాక్ బృందం ఈ రోగుల రక్తంలో సొంత థైరాయిడ్ ప్రొటీన్ మీదే తయారైన యాంటీబాడీలు చూపించింది.

నేను చదివిన చోటల్లా రెండే పాత్రలు: కొట్టేవాడు, దెబ్బలు తినేవాడు. మరి రక్తంలో తిరిగే లింఫోసైట్ గ్రంథిలోకి ఎలా దిగింది? మధ్యలో రక్తనాళం గోడ ఉందిగా!

ఆ గోడని ఇన్నాళ్ళూ ప్లాస్టిక్ పైపులా ఊహించుకున్నాను. కాదట. దాని లోపలివైపు ఒకే ఒక్క వరసగా బతికున్న కణాలు పరుచుకుని ఉంటాయి. వాటిని ఎండోథీలియల్ కణాలంటారు. గ్రంథిలో వాపు మొదలైతే ఇంటర్‌ఫెరాన్-గామా లాంటి కబుర్లు వీటికి అందుతాయి. అప్పుడివి ఒంటి మీద ఐక్యామ్-1 వంటి అంటుకునే అణువుల్ని పెంచుకుంటాయి. రక్తంలో కొట్టుకుపోతున్న లింఫోసైట్ గోడకి తగిలి, దొర్లి, నెమ్మదించి, అతుక్కుని, ఒళ్ళు సన్నం చేసుకుని అవతలికి దూరుతుంది. వెళ్ళాక అదీ కబుర్లు పంపుతుంది, గోడకి జిగురు ఇంకా పెరుగుతుంది. ఎగ్జిట్ కండిషన్ రాయడం మర్చిపోయిన లూప్ అన్నమాట. మామూలుగా లింఫ్ గ్రంథుల్లో ఉండే ప్రత్యేకమైన సన్నటి సిరలు ఈ జబ్బున్న థైరాయిడ్‌లో కూడా పుట్టుకొస్తాయి. వచ్చేవాళ్ళ కోసం ఏకంగా కొత్త గుమ్మాలే లేచాయి!

ఇది చదివాక డాక్టరు వాడిన "దాడి" అన్న మాట నాకు రుచించడం మానేసింది. కాలికి ముల్లు గుచ్చుకుని చీము పట్టినా ఈ కణాలు చేసేది ఇదే. పిలుపొచ్చింది, తలుపు తీశాయి. అందులో ద్రోహం ఎక్కడుంది?

అమ్మకి ఇదంతా చెప్పాను. ఓపిగ్గా విని, "అయితే ఆ తలుపు మూసే మాత్ర ఇస్తారా?" అంది.

"లేదమ్మా. మనం వేసుకునేది తగ్గిన హార్మోన్‌ని పూడ్చడానికే."

కాసేపాగి, "అమ్మా, అప్పట్లో నువ్వు పడుకుంటే నేను..." అన్నాను.

"పరగడుపునే వేసుకుంటున్నావా? కాఫీ వెంటనే తాగేయకు. గంట ఆగు."