నాయన బండిలో కటకట

సంక్రాంతి సెలవులకు వేంపల్లెకి వెళ్లిన రోజే నాయన బండి స్టార్ట్ చేసి నన్ను పిలిచాడు. "ఏమ్రా, మెకానికల్ చదువుతాండావు గదా, ఈ కటకట ఏందో చెప్పు."

సిలిండర్ దగ్గర కుట్టుమిషన్ తొక్కుతున్నట్టు ఒకటే చప్పుడు. "ట్యాపెట్లేమో నాయనా" అన్నాను. "ట్యాపెట్లు పోయిన నెలే సరిచేపిచ్చినా" అన్నాడు. కైనమాటిక్స్‌లో నాకు మంచి గ్రేడే వచ్చింది. అది చెప్పుకునే సందర్భం కాదని ఊరుకున్నాను.

మెకానిక్ వినగానే చెప్పేశాడు. "టైమింగ్ చైన్ టెన్షనర్ పోయింది. పండగయినాక తీసుకురాండి."

అంతవరకు ఆగేదెట్లా? నాయన పొద్దున్నే గండి దారిలో ఉన్న చీనీ తోటకు పోవాలి. "నేనే మారుస్తా" అన్నాను. ఆయన చూపులో నా మీద నమ్మకం కంటే బండి మీద బెంగే ఎక్కువ కనిపించింది.

క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరగాలి. ఆ లెక్క తప్పకుండా చూసేది టైమింగ్ చైన్. ఏళ్లు గడిచేకొద్దీ పిన్నులు అరిగి చైన్ సాగుతుంది. ఆ వదులును వెనకనుంచి నొక్కి సరిచేసేదే టెన్షనర్. వదులు మరీ ఎక్కువైతే చైన్ ఒక పన్ను దాటి దూకొచ్చు. అప్పుడు వాల్వుల టైమింగే తప్పుతుంది.

కడప రోడ్డులోని అంగట్లో కొత్త టెన్షనర్, గాస్కెట్ తెచ్చాను. ఇంజిన్ బాగా చల్లారాక స్పార్క్ ప్లగ్ తీసి, మ్యాగ్నెట్ వైపు మూత విప్పి, స్పానర్‌తో క్రాంక్‌ని మెల్లగా తిప్పుతూ 'టీ' గుర్తును గీతకు కలిపాను. ట్యాపెట్ మూతలు తీసి చూస్తే రాకర్లు రెండూ కొంచెం ఆడుతున్నాయి. అంటే కంప్రెషన్, వాల్వులు మూసుకునే ఉన్నాయి. అప్పుడే టెన్షనర్ బోల్టులు రెండూ విప్పాను.

పాతది చేతిలోకి వచ్చిందో లేదో, తమ్ముడు బండెక్కి కిక్కర్ మీద కాలు పెట్టాడు.

"తన్నొద్దురా!" అని నేను అరిచిన అరుపుకి వాకిట్లో ముగ్గేస్తున్న అమ్మ లేచి వచ్చింది. టెన్షనర్ లేనప్పుడు ఇంజిన్ తిరిగితే వదులు చైన్ దూకుతుంది, వాల్వు పోయి పిస్టన్‌కి తగిలినా తగలొచ్చు. వాడికి అదంతా చెప్పేలోపు నా చేతులు వణికాయి. నాయన మాత్రం ఏమీ అనకుండా వాణ్ని దించి, నా పక్కనే కూర్చున్నాడు.

పాత టెన్షనర్ కడ్డీని బొటనవేలితో నొక్కాను. మెత్తగా లోపలికి పోయింది. కొత్తదాన్ని ఎంత నొక్కినా కదల్లేదు. లోపలి స్ప్రింగ్ స్క్రూని తిప్పి కడ్డీని ముందుకు తోస్తుంది. కడ్డీ తోస్తే మాత్రం స్క్రూ వెనక్కి తిరగదు. స్క్రూ జాక్ లెక్కల్లో బట్టీ పట్టిన సెల్ఫ్ లాకింగ్ ఇదే! లీడ్ యాంగిల్ కంటే ఫ్రిక్షన్ యాంగిల్ ఎక్కువుండాలని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నా, అది నిజంగా అర్థమైంది ఆరోజు బొటనవేలికే.

వెనక చిన్న స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పి, కొత్త కడ్డీని లోపలికి లాగి, గాస్కెట్ వేసి బోల్టులు బిగించాను. స్క్రూడ్రైవర్ వదలగానే లోపల టక్కుమంది. క్రాంక్‌ని చేత్తోనే రెండు చుట్లు తిప్పి గుర్తులు మళ్లీ చూశాను. కలిశాయి. మూతలూ ప్లగ్గూ బిగించి లేచాను.

కిక్ మాత్రం నాయన్నే కొట్టమన్నాను. కటకట పోయింది. పోకపోయుంటే చైనే మార్చాల్సి వచ్చేది, అది నా వల్ల అయ్యే పని కాదు. ఆయన కాసేపు తల వంచి విని, "బాగానే ఉందిలే" అన్నాడు. మా ఇంట్లో అది డిస్టింక్షన్ కింద లెక్క.

పాత టెన్షనర్ ఇప్పుడు నా హాస్టల్ గదిలో ఉంది. మెషిన్ డిజైన్ పరీక్షకి ముందు ఎవరైనా రావచ్చు. బొటనవేలితో నొక్కి చూసి పోండి.