రెండు బ్రేకులు

పోయిన ఏడాది ఒక అంతర్ కళాశాలల పోటీలో, జోరుగా వచ్చిన బంతి అందుకొని ఎడమకాలు బిగించి ఆగాను. పాదం నేలకు అతుక్కొంది; మోకాలు మాత్రం తిరిగింది. మూడు నెలలు బెంచీ మీద కూర్చున్నాను. జడత్వం గురించి పరీక్షలో పేజీలు నింపినవాణ్ణి, ఆగడం ఎట్లాగో మాత్రం నాకు తెలియదు.

అందుకే వేసవి సెలవుల్లో వేములపల్లి పోయినప్పుడు, "మాకు గూడ బాస్కెట్‌బాల్ నేర్పవా అన్నా" అని మా వీధి పిల్లలు వెంటపడితే, బంతి సంచిలోనే ఉంచాను. సాగర్ ఎడమ కాలువ నీళ్ళతో పండిన యాసంగి వడ్లు ఎత్తేసిన కళ్లం ఖాళీగా ఉంది. సున్నంతో గీతలు గీశాను. నాలుగడుగులు ఉరుకు, ఆగు. అంతే పాఠం.

1891లో జేమ్స్ నైస్మిత్ ఈ ఆటను కనిపెట్టినప్పుడే బంతి పట్టుకొని పరుగెత్తరాదన్నాడు. గాలిలో బంతి అందుకొన్నాక రెండు కాళ్ళూ ఒక్కసారే దిగితే ఏ కాలినైనా ఇరుసు చేసుకోవచ్చు. ఒకదాని వెనక ఒకటి దిగితే మొదటిదే ఇరుసు. ఆ పాదం మునివేళ్ళ మీద తిరగవచ్చు గాని జరగరాదు. షాటుకో పాసుకో లేపితే, బంతి చెయ్యి విడిచేదాకా మళ్ళీ దించరాదు. (2017లో వచ్చిన 'సున్నా అడుగు' జోలికి నేను పోలేదు. ముందు ఆగడం రానీ అనుకొన్నాను.)

ఎవరికీ ఎక్కలేదు. ఒక ఆరో తరగతి పిల్ల అచ్చం నాలాగే కాలు కర్రలా బిగించి ఆగుతోంది. నాకు గుండె ఝల్లుమని కేకలేశాను. పాపం, బిక్కమొహం పెట్టింది.

పక్క చెలకలో దుక్కి దున్నుతున్న మా నాయిన ట్రాక్టరు ఆపి, "ఆగుడు గూడ నేర్పాల్నారా?" అని నవ్వాడు. పిల్లల్ని దూరంగా నిలబెట్టి, మెల్లగా నడుపుతూ ఒకపక్క బ్రేకు తొక్కాడు. ఆ పక్క పెద్ద చక్రం ఉన్నచోటనే నిలబడింది. ట్రాక్టరు దాని చుట్టూ గిర్రున తిరిగింది.

"గిదే మీ అన్న చెప్పే ఇరుసు. రెండు బ్రేకులు కలిపి తొక్కితే సక్కగ ఆగుతది. జోరుమీద ఒక్కటే తొక్కితే బోల్తా!"

నా చెయ్యి నాకు తెలియకుండానే మోకాలి మీదికి పోయింది.

ఇక కళ్లమంతా "రెండు బ్రేకులు!" అని ఒకటే అరుపులు. మోకాళ్ళు వంచి కూర్చున్నట్లు దిగమన్నాను. వంచితే ఆగే వ్యవధి పెరుగుతుంది, దెబ్బ తగ్గుతుంది. ఇది న్యూటన్ మాటే, కాని ఆ పేరు అక్కడ ఎవరికీ అవసరపడలేదు. ఎనిమిదోసారికి ఆ పిల్ల దిగిన చోట దుమ్ములో రెండు పాదాల గుర్తులు పక్కపక్కనే పడ్డాయి.

"ఇగ బంతియ్యన్నా!" అంది.

సంచి విప్పాను.