అమ్మ కంచం – 7: కార్జం



"మేడమ్, పోయినసారి రక్తహీనత దగ్గర ఆపేశారేంటి?" అని ఒక విద్యార్థి అడిగాడు. సిగ్గుతో ఆపేశాను. ఇవాళ చెప్తా.

అమ్మ హిమోగ్లోబిన్ 7.4 వచ్చింది. ఆడవాళ్ళకు 12 ఉండాలి. దేశంలో సగానికి పైగా ఆడవాళ్ళది ఇదే కథ, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 57 శాతం. డాక్టరమ్మ దానిమ్మ, ఖర్జూరం, బీట్‌రూట్ అని చీటీ రాసింది. "మేం పెద్దకూర, కార్జం, నల్ల తినేటోళ్ళం మేడం" అని అమ్మ అంటే, తలెత్తకుండానే "అవన్నీ వద్దు" అంది.

నా దిగులు వేరే. అమ్మ బీపీకి ఆమ్లోడిపిన్ వేసుకుంటుంది. తెలుగులో పీహెచ్‌డీ చేసినదానికి కాలేయం గోలెందుకంటారా? ఆ రాత్రి కూర్చుని చదివాను. ఆ మాత్రను కాలేయంలో విరగ్గొట్టేది సైటోక్రోమ్ పీ450 కుటుంబంలోని ఎంజైము. దాని నడుమ హీమ్, హీమ్ నడుమ ఒక ఇనుప పరమాణువు. నెత్తురుకు ఎరుపునిచ్చేదీ హీమే. మరి ఇనుము తగ్గితే మందు ఒంట్లోనే పేరుకుపోతుందా?

అంత తేలిగ్గా కాదు. ఇనుము లేని తిండి పెట్టిన ఎలుకల్లో ముందు పడిపోయింది పేగు గోడలోని పీ450. పేగు పొర కొద్దిరోజులకే రాలి కొత్తది పుడుతుంది, దానికి ఎప్పటికప్పుడు ఇనుము కావాలి. కాలేయం మాత్రం తనది చాలావరకు నిలబెట్టుకుంది. మింగిన మందుకు మొదటి గడప పేగే కాబట్టి నా దిగులు పూర్తిగా పోలేదు. కానీ మాత్ర మానేసేంత భయం కాదు, మీరెవరూ మానకండి.

అసలు అమ్మ కంచంలోంచి కూర తీసేసింది డాక్టరమ్మ కాదు. నాలుగేళ్ళ కింద ఈ ఇంట్లో దిగేటప్పుడు ఓనరు "మీరు వెజ్జేనా?" అంటే "అవునండీ" అన్నది నేను. "వాసనొస్తది, వద్దమ్మా" అన్నదీ నేనే. క్లాసులో ఆహార హక్కు మీద గంటసేపు మాట్లాడి ఇంటికొచ్చి మరీ. "సరే బిడ్డా" అని అమ్మ చారుతో తిని, వెంటనే చాయ్ తాగేది. మాంసంలోని హీమ్ ఇనుము ఒంటికి తొందరగా పడుతుంది. ఆకుకూరల్లోది తక్కువ పడుతుంది, దాన్ని కూడా చాయ్ అడ్డుకుంటుంది.

మొన్న ఆదివారం ఇనుము మాత్రలతోపాటు అరకిలో కార్జం తెచ్చాను. అమ్మ కిటికీ వైపు చూసింది. నేను మూయలేదు.

"ఉప్పు తక్కువేసిన. బీపీ పుస్తకంల అట్లనే ఉన్నదా?" అంది.