అమ్మమ్మల బెంచీ

మానసిక చికిత్స అంటే మూసిన గది, డిగ్రీ ఉన్న మనిషి అన్న ఊహే చాలామందిని గుమ్మం దగ్గర ఆపేస్తుంది. బస్సు ఛార్జీకి డబ్బుల్లేక ఆస్పత్రికి రాలేకపోయిన ఒక పేషెంటు ఆత్మహత్య చేసుకోవడం జింబాబ్వే సైకియాట్రిస్టు డిక్సన్ చిబాండాను కలచివేసింది. 2006లో హరారేలో ఆయన మొదలుపెట్టిన పద్ధతికి కావాల్సింది క్లినిక్ బయట ఓ చెక్క బెంచీ, ఆ పేటలోనే బతుకుతున్న అమ్మమ్మ. ఆమె ముందు అంతా వింటుంది. కష్టాల్లో మొదట దేన్ని పట్టుకోవాలో వచ్చినవాళ్లనే ఎంచుకోమంటుంది. మళ్లీ వచ్చేలోపు చేయగలిగిన పని ఒకటి ఇద్దరూ కలిసి తేల్చుకుంటారు.

డాక్టర్లు కాని ముసలమ్మలకు ఇంత బాధ్యతా? అడగాల్సిన ప్రశ్నే. కానీ వాళ్లకు శిక్షణ ఉంది, పైన పర్యవేక్షణ ఉంది, తీవ్రమైన కేసుల్ని పెద్ద వైద్యానికి పంపే దారీ ఉంది. 24 క్లినిక్‌లలో 573 మందిపై జరిగిన అధ్యయనం 2016లో జామా అనే వైద్య పత్రికలో వచ్చింది. ఆరు నెలల తర్వాత చూస్తే, మామూలు వైద్యం అందినవాళ్లలో దాదాపు సగం మందికి డిప్రెషన్ లక్షణాలు ఉన్నాయి. బెంచీ దగ్గరికి వచ్చినవాళ్లలో సుమారు 14 శాతం మందికే. పెద్దవాళ్లు కాబట్టి ఈ అమ్మమ్మలు సంస్కృతి పేరు చెప్పి మళ్లీ ఆచారాలకే తల వంచమంటారేమో అన్న భయమూ న్యాయమైనదే. అందుకే, ఏ కష్టం ముందో బాధపడే మనిషే తేల్చడం నాకు ఇందులో అన్నిటికన్నా విలువైన విషయం. మొగుడి దెబ్బలే ముందు అని బెంచీ దగ్గరికి వచ్చిన ఆడమనిషి అంటే, సర్దుకుపొమ్మనే పెద్దరికానికి ఆ పద్ధతిలో చోటు లేదు.